పళ్ళికరణై శబ్దాలు: రికార్డరా, నడిచి వినే మనుషులా?

చెన్నైలో 2022లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలలకిచ్చేది) పొందిన పళ్ళికరణై చిత్తడినేల శబ్దాలను నమోదు చేయడానికి రెండు దారులున్నాయి: చెట్టుకు కట్టి వదిలే రికార్డరు ఒకటి, చుట్టుపక్కల నివాసులు మౌనంగా నడుస్తూ విన్నది రాసుకోవడం మరొకటి.

రికార్డరుకు నిద్ర అక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల వేళ అర్ధరాత్రి కప్పల బెకబెకలనూ, సెకనుకు 48,000 నమూనాలు తీసుకుంటే 24 కిలోహెర్ట్జ్ దాకా, అంటే మన చెవి హద్దు దాటిన ధ్వనులనూ అది పట్టుకుంటుంది.

నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా, ఆ అంకె దాటిన చప్పుడు ఎవరి నిద్ర చెడగొడుతోందో, ఎవరికి ఊరటనిస్తోందో యంత్రం చెప్పలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2014లో తెచ్చిన 12913 ప్రమాణం శబ్ద పరిసరాన్ని మనుషులు గ్రహించే తీరుతో ముడిపెట్టింది అందుకే. చిత్తడినేల పక్కనున్న వేళచ్చేరిలో స్థిరపడిన తెలుగు పెద్దావిడ ఒకరు “ఈ కూత జెముడుకాకిది, మా నెల్లూరు చెరువుగట్టున రోజూ వినేవాళ్ళం” అంటే, అది కూడా విలువైన సమాచారమే.

డబ్బు ఒక్కదానికే సరిపోయేటట్లయితే నేను నడకనే ఎంచుకుంటాను. తర్వాత రికార్డరు పెట్టినా, దాన్ని ఏ గట్టున కట్టాలో, ఇళ్ళ మాటలు అందులో పడకుండా ఎంత దూరంలో ఉంచాలో తేల్చవలసినది అక్కడి నివాసులే.