జీతం లేని ఇంటర్న్‌షిప్పా, వాలంటీర్ పనా? బస్సు ఛార్జీలతో సహా లెక్క

మా బాబాయి కొడుకు వైజాగ్‌లో గాజువాకలో ఉంటాడు, బీకాం కంప్యూటర్స్ రెండో ఏడు. మొన్న ఫోన్ చేసి "అక్కా, రెండు వచ్చాయి, దేనికెళ్లమంటావు?" అన్నాడు. ఒకటి డాబాగార్డెన్స్‌లో ఓ ఆడిటర్ గారి ఆఫీసులో రెండు నెలల ఇంటర్న్‌షిప్, జీతం లేదు. రెండోది పెద జాలారిపేటలో ఆదివారాలు పిల్లలకి లెక్కలూ ఇంగ్లీషూ చెప్పడం, వాళ్ల సీనియర్లు కొందరు కలిసి నడుపుతున్నారట, దానికీ జీతం లేదు. "రెండూ సున్నాలే కదా, ఏ సున్నా మేలో చెప్పు" అన్నాడు. మాటలకేం తక్కువ లేదు వాడికి. పక్కనే ఉన్న మా అమ్మ "జీతం లేని కొలువేట్రా, టిఫిన్ బండి దగ్గర నిలబడినా సాయంత్రానికి మూడొందలొస్తాయి" అని తీర్పు ఇచ్చేసింది. ఆవిడ తీర్పు దగ్గరికి మళ్లీ వస్తాను, అందులో విషయముంది.

ముందు ఇది ఇంతగా ఎందుకు పెరిగిందో చెప్పుకోవాలి. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది తర్వాత వేసవిలో ఒక ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం ఇంకొకటి, అన్నిటికీ క్రెడిట్లు. ఉద్దేశం మంచిదే. కానీ ఒకేసారి వేలమంది పిల్లలు సర్టిఫికెట్ కోసం రోడ్డు మీద పడితే, అంతమందిని కూర్చోబెట్టి పని నేర్పే ఆఫీసులు వైజాగ్‌లో ఎన్నున్నాయి? స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ, పోర్టు ఉన్న ఊరే అయినా బీకాం, బీఏ పిల్లలకి వాటి గేట్లు అంత తేలిగ్గా తెరుచుకోవు. దాంతో డబ్బులు కట్టించుకుని ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ పంపే వ్యాపారం పుట్టుకొచ్చింది. అప్లై చేసిన పది నిమిషాలకి ఆఫర్ లెటర్, చేరడానికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలు. దాని గురించి ఇంతకంటే రాయను. మన పనికి మనమే ఎదురు డబ్బులిచ్చేదాన్ని ఈ పోలికలోకి తీసుకురావడమే దండగ.

అసలు పోలిక ఆఫీసులో ఊరికే చేసే పనికీ, సేవ పేరుతో ఊరికే చేసే పనికీ మధ్య. ఊరికే అని అంటాం గానీ ఏదీ ఊరికే కాదు. నేను డిగ్రీలో ఉండగా ద్వారకానగర్ దగ్గర ఓ చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో రెండు నెలలు చేశాను. అప్పుడు మేమూ గాజువాకలోనే ఉండేవాళ్లం. బస్సుకీ, మధ్యాహ్నం తిండికీ, నాలుగింటి టీకీ కలిపి ఇవాళ్టి ధరల్లో రోజుకి 160 వేసుకోండి, యాభై రోజులకి 8,000. జీతం సున్నా అనుకుంటాం, నిజానికి అది మైనస్ ఎనిమిది వేలు. ఇచ్చేది నాన్న కాబట్టి మనకి కనబడదు. ఆ రెండు నెలల్లో నేను చేసింది పండగలకి శుభాకాంక్షల పోస్టర్లు. ఉగాది, శ్రీరామనవమి, ఈస్టర్, మేడే, మదర్స్ డే, ఒక్కో పండగకి పదిహేను మంది క్లయింట్లకి లోగో మార్చి పదిహేను పోస్టర్లు. మొదటి వారంలో నేర్చుకున్నదే ఎనిమిదో వారందాకా చేశాను. చివరికి సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగితే ఇంటిపేరు తప్పుగా పడింది. నాకంటే ముందు ఆ కుర్చీలో ఒకమ్మాయి జీతానికి పని చేసేదని ఆఖరి రోజున అక్కడి ఆఫీస్ బాయ్ చెప్పాడు. ఆవిడ మానేశాక మనిషిని పెట్టుకోలేదు, ఇంటర్న్‌లని పెట్టుకుంటున్నారు. అంటే నేను నేర్చుకోడానికి వెళ్లానని నేననుకున్నాను, వాళ్లకి మిగిలింది ఒక జీతం.

అప్పటి నుంచీ ఎవరడిగినా నేను తిరిగి అడిగే మాట ఒకటే, నువ్వు వెళ్లకపోతే ఆ పని ఎవరు చేస్తారు? జీతం ఇచ్చి ఎవరినో పెట్టుకోవాల్సి వస్తుందంటే అది ఉద్యోగం, నీకు జీతం ఎగ్గొడుతున్నారు. ఎవరూ చేయరు, పని అలాగే ఆగిపోతుంది, దాని మీద ఎవరికీ లాభమూ లేదు అంటే అది సేవ. ఈ రెంటికీ మధ్యలో ఒకటుంది, నువ్వు వెళ్లకపోయినా వాళ్ల పని హాయిగా సాగిపోతుంది, పైగా నువ్వెళ్తే ఒక మనిషి తన పని ఆపుకుని నీకు చెప్పాలి. జీతం లేకపోయినా వెళ్లదగ్గ ఇంటర్న్‌షిప్ అది.

ఉదాహరణకి జువాలజీ వాళ్లో, మెరైన్ బయాలజీ వాళ్లో లాసన్స్ బే కాలనీలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలాంటి చోట ప్రాజెక్ట్‌కి కూర్చోగలిగితే స్టయిపెండ్ అడగకుండా వెళ్లిపొమ్మంటాను. కాలేజీ ల్యాబ్‌లో అద్దాల బీరువాలో చూసే పరికరాలు అక్కడ చేతికిస్తారు, తప్పు చేస్తే తిట్టే సైంటిస్టు పక్కనుంటారు.

మావాడి ఆడిటర్ ఆఫీసు ఎటొస్తుంది? ఇక్కడ కొంచెం ఆలోచించాలి. జీఎస్టీలో నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకి 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చి కట్టే 3బీ. రెండు నెలలు ఉంటే ఆ తేదీలు రెండుసార్లు వస్తాయి, మొదటిసారి పక్కన కూర్చుని చూడొచ్చు, రెండోసారి తనే చేసి చూపించొచ్చు. కొనుగోలు బిల్లుల్ని జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బీ జాబితాతో సరిచూడటం, ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు తప్పుపడితే ఎక్కడ తప్పిందో వెతకడం, ఇవి క్లాసులో రావు. ఈ లెక్కన మంచిదే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. అదే ఆఫీసులో సీఏ చదువులో భాగంగా ఆర్టికల్‌షిప్ అనే శిక్షణ చేసేవాళ్లకి, సీఏల సంస్థ ఐసీఏఐ నిబంధనల ప్రకారం నెలకి కనీస స్టయిపెండ్ ఇచ్చితీరాలి. పక్క కుర్చీలో కూర్చున్న బీకాం ఇంటర్న్‌కి అలాంటి రూలేమీ లేదు. కాబట్టి అడిగితే కాదనడానికి వాళ్లకి కారణం ఉండదు, అడక్కపోతే ఇవ్వడానికీ కారణం ఉండదు. మనవాళ్లు అడగరు. 'పెద్దాయన, బాగోదు' అనుకుంటారు.

ఇక వాలంటీరింగ్. మా పిన్నికి జాలారిపేట సంగతి చెప్తే "అయితే ఐదు వేలిస్తారా?" అంది. 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లకి నెలకి 5,000 గౌరవ వేతనం ఉండేది కదా, ఆవిడకి వాలంటీరంటే ఇంటికొచ్చి పింఛనిచ్చిన అబ్బాయే. కాదు పిన్నీ, ఇది నిజంగా ఊరికే చేసేది అంటే మొహం అదోలా పెట్టింది.

నేను చేసిన వాటిలో తాబేళ్ల పని ఒక్కటి చెప్తాను. ప్రతి ఏడూ జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసకలో గొయ్యి తీసి వందకి అటూ ఇటూ గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. వదిలేస్తే తెల్లారేసరికి కుక్కలు తవ్వేస్తాయి. అందుకని అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లని తీసి కంచె వేసిన హ్యాచరీలో మళ్లీ పూడుస్తారు, నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తే సముద్రంలోకి వదులుతారు. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్ జీవి, అంటే గట్టి రక్షణ ఉన్నది, మనంతట మనం గుడ్లు ముట్టుకోకూడదు, వాళ్లతో కలిసే తిరగాలి. ఒక సీజన్ వారానికి రెండు రాత్రులు నేను అలా నడిచాను. నా చేతికిచ్చింది ఒక రిజిస్టరు, తేదీ, గూడు దొరికిన చోటు, గుడ్లెన్ని, ఎన్ని పిల్లలయ్యాయి. రెండు వారాల తర్వాత చూస్తే ఒకరు గూళ్లని లెక్కబెట్టారు, ఒకరు గుడ్లని, ఇంకొకరు రెండూ ఒకే గడిలో రాశారు. అన్నీ కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కించి సరిచేశాను. ఎవరూ చెప్పలేదు, సరిచేయకపోతే ఎవరూ అడిగేవాళ్లు కూడా కాదు. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఆ రిజిస్టరు గురించే మాట్లాడాను, పండగ పోస్టర్ల గురించి అర నిమిషం.

అలాగని సేవ అనగానే కళ్లకద్దుకోనక్కర్లేదు. బీచ్ క్లీనింగ్ అని ఆదివారం పొద్దున్నే పిలుస్తారు, టీషర్టు, బ్యానరు, ఇడ్లీ, గ్రూప్ ఫోటో, ఏడున్నరకల్లా అయిపోతుంది, నింపిన సంచులు కొన్ని అక్కడే ఉంటాయి. ఇంకో రకం ఉంది, 'ఎన్జీవో ఇంటర్న్‌షిప్' అంటారు, చేరాక తెలుస్తుంది పని అంతా చందాలు వసూలు చేయడమని, టార్గెట్ కూడా ఉంటుంది, మావయ్యలూ అత్తయ్యలూ అయిపోయాక ఎవరిని అడగాలో తెలియక పిల్లలు ఏడుపు మొహం పెడతారు. కాలేజీల్లో ఉండే ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వీటికంటే చాలా నయం, 1969 నుంచీ ఉన్న వ్యవస్థ, రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. కాకపోతే కాలేజీలో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా ఉన్న లెక్చరర్ ఎలాంటివారన్న దాని మీద మొత్తం ఆధారపడి ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక రోడ్లకడ్డంగా పడిన చెట్లని మా బ్యాచ్ వాళ్లం ఎవరూ పిలవకుండానే వెళ్లి పక్కకి లాగాం, దానికి గంటలు లెక్కేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ఇప్పుడు నేను మధురవాడ వైపు ఓ చిన్న కంపెనీలో చేస్తున్నాను, ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకి నన్నూ కూర్చోబెడతారు. రెజ్యూమెల్లో నాలుగేసి ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి. "ఇందులో నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు" అంటే నిజంగా పని చేసినవాళ్లు టకటకా చెప్పేస్తారు, మిగతావాళ్లు నీళ్లు నములుతారు. కంపెనీ పనా, సేవా అన్నది అక్కడ నాకైతే తేడా పడదు.

అమ్మ తీర్పు సంగతి. పాడేరు నుంచో, సోంపేట నుంచో వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడికి పై లెక్కలేవీ పనిచేయవు. వేసవి రెండు నెలలు వైజాగ్‌లో ఉండటానికే గది అద్దె, మెస్సు ఖర్చు కావాలి. అలాంటివాళ్లు పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్లినా, పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్పినా దాన్ని దాచుకోకుండా రెజ్యూమెలో రాయమంటాను. ఐదు వందల మంది పంక్తిలో సాంబారు అయిపోకుండా చూసినవాడికి పని తెలుసని నాకు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. డబ్బులొచ్చే ప్రభుత్వ పథకాలు లేవా అంటే ఉన్నాయి గానీ అవి ఎక్కువగా చదువు అయ్యాక. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ నెలకి 5,000తో వచ్చింది, మొదలైనప్పుడు రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకి వర్తించలేదు. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా వెళ్లాలన్నా చేతిలో డిగ్రీ ఉండాలి.

మావాడికి చివరికి చెప్పింది ఇదీ. ఆడిటర్ ఆఫీసుకెళ్లు, కానీ చేరేముందే నాలుగు మాటలు అడుగు. ఏ తేదీతో అయిపోతుంది, ఎన్నింటికి వదుల్తారు, పని చెప్పేదెవరు, బస్సు ఛార్జీలైనా ఇస్తారా. "ఛార్జీలు అడగడానికి సిగ్గేస్తోందక్కా" అన్నాడు. మీ నాన్నని అడగడానికి వేయట్లేదు కదరా అన్నాను. జాలారిపేట మాత్రం ఆదివారం రెండు గంటలే కాబట్టి రెండూ పెట్టుకోవచ్చు, అయితే మొదలుపెట్టి మూడో వారం మానేసేటట్టయితే అసలు వెళ్లొద్దు. ఆఫీసు మానేస్తే ఇంకో ఇంటర్న్ వస్తాడు, పిల్లలు మాత్రం పుస్తకాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటారు.

నిన్న రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "అక్కా, అడిగాను. నెలకి రెండు వేలిస్తానన్నారు! కానీ 20వ తారీకు దగ్గరపడితే ఆదివారం కూడా రమ్మంటున్నారు."

"ఆదివారం పదింటి దాకా జాలారిపేటలో ఉంటానని చెప్పు. ఆ తర్వాత వస్తానను" అని పెట్టాను. చూశాడు, ఇంకా జవాబు రాలేదు.