మంగళగిరి చీరల అమ్మకానికి ఏఐ, ఆటోమేషన్: చాన్నాళ్ళు వాడాక ఏవి ఉంచాం, ఏవి తీసేశాం

మాది మంగళగిరిలో చేనేత చీరల కొట్టు. చిన్నదే. నేను, మా ఆయన, ప్యాకింగ్‌కి ఒక అమ్మాయి. కొట్టుకి వచ్చి కొనేవాళ్ళ కంటే వాట్సాప్‌లో కొనేవాళ్ళే ఎక్కువ. ఆషాఢం తగ్గింపులు మొదలైన దగ్గర్నుంచి దసరా అయ్యేదాకా రాత్రి పన్నెండైనా ఫోన్ కింద పెట్టే వీలుండేది కాదు. ఆ టెన్షన్ తగ్గితే చాలనుకుని ఒక్కో పనీ మెషీన్‌కి అప్పజెప్పుతూ వచ్చాం. అమ్మకాలు పెరిగాయా అని అడిగితే, ఏఐ వల్ల పెరిగాయని చెప్పలేను. పని మాత్రం రాత్రి తొమ్మిదికల్లా తెములుతోంది. ఇంకో సంగతి, యాడ్స్‌లో గొప్పగా చూపించేవే మాకు తక్కువ పనికొచ్చాయి.

మాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఒక గూగుల్ షీట్. ఈ వ్యాపారంలో ఇబ్బంది ఏంటంటే, ఆ రంగు, ఆ అంచు కలిసిన చీర చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. ఒకే రకం రెండు వందల పీసులున్న షాపుల కోసం తయారైన స్టాక్ యాప్‌లు మాకు కుదరవు. గ్రూపులో ఫొటో పడీ పడగానే ముగ్గురు "బుక్" అని పెడతారు. అందుకని ప్రతి చీరకీ ట్యాగ్ మీద ఒక నంబరు వేసి, షీట్‌లో దానికో వరస ఇచ్చాం. ఎవరైనా అడగ్గానే ఆ వరసలో పేరు పడుతుంది. రెండు గంటల్లో డబ్బు రాకపోతే పేరు చెరిగిపోయి, చీర మళ్ళీ అమ్మకానికి వచ్చేస్తుంది. దీనికి కావలసిన స్క్రిప్ట్, అంటే షీట్‌లో ఆ పని దానంతట అదే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రామ్, చాట్‌జీపీటీ రాసిచ్చింది. నాకు కోడింగ్ రాదు. ఏం కావాలో తెలుగులోనే చెప్పాను, ఎక్కడ అతికించాలో కూడా అదే చెప్పింది. ఎవరైనా కాలమ్ పేరు మారిస్తే స్క్రిప్ట్ ఆగిపోతుంది. అప్పుడు ఎర్రర్‌ని కాపీ చేసి అదే చాట్‌లో పెడితే సరిచేసి ఇస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. "నాకంటే ముందు ఆవిడకెలా ఇచ్చారు?" అనే గొడవలు దాదాపు పోయాయి.

డబ్బు విషయానికొస్తే, స్క్రీన్‌షాట్ చూసి చీర పంపే పద్ధతి మానేశాం. దొంగ స్క్రీన్‌షాట్ తయారు చేయడం ఈ రోజుల్లో ఎంతసేపు! చీర నంబరు వేసిన పేమెంట్ లింక్ పంపుతాం. డబ్బు పడగానే షీట్‌లో ఆ చీర వరసలో టిక్ వచ్చేస్తుంది, ఆ తర్వాతే ప్యాకింగ్. కొట్టులో కొనేవాళ్ళకి మామూలు క్యూఆర్ కోడ్, సౌండ్‌బాక్స్ ఉన్నాయి.

ఏఐ నిజంగా చెయ్యందించింది అడ్రసుల దగ్గర. మనవాళ్ళు అడ్రస్ ఎలా పంపుతారో తెలిసిందే. ఫ్లాట్ నంబరు ఒక మెసేజ్‌లో, "సాయిబాబా గుడి వెనక సందు" ఇంకో మెసేజ్‌లో, పిన్ కోడ్ మర్నాడు. సాయంత్రం అవన్నీ కలిపి పెడితే కాలమ్‌ల వారీగా విడదీసి ఇస్తుంది. ఆ ఫైలుని కొరియర్ బుకింగ్ సైట్‌లో ఎక్కిస్తే లేబుళ్ళు వచ్చేస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పిన్ కోడ్ లేకపోతే తనే ఊహించి నింపేస్తుంది, చూడటానికి సరిగ్గానే ఉంటుంది కూడా. "ఇవ్వనిది ఖాళీగా వదిలెయ్" అని రాసిపెట్టాక ఆ బాధ తగ్గింది. ఫోన్ నంబర్లు మాత్రం ఏఐకి ఇవ్వం. డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది లేకపోయినా ఆడవాళ్ళ నంబర్లు ఎక్కడపడితే అక్కడ పెట్టడం నాకు నచ్చదు.

కొరియర్ చార్జీ అరకిలో లెక్కన పెరుగుతుంది. నూలు చీరని డబ్బాలో పెడితే బరువు ఆ గీత దాటేస్తుంది. పైగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ బరువే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. ఈ లెక్క కూడా షీట్‌లో పెట్టాక డబ్బాలు మాని పల్చటి కవర్లలోకి మారాం. ఏఐతో సంబంధం లేని ఈ చిన్న ఫార్ములా మిగిల్చిన డబ్బు, మిగతావన్నీ కలిపి మిగిల్చినదానికంటే ఎక్కువ.

ఇక బాట్ సంగతి, అంటే కస్టమర్ల మెసేజ్‌లకి మన బదులు తనే జవాబిచ్చే ప్రోగ్రామ్. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. కానీ అందులో ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అంతకు మించి పంపాలంటే డబ్బులు కట్టే ప్లాట్‌ఫామ్‌కి వెళ్ళాలి. అక్కడ కస్టమర్ చివరిసారి మెసేజ్ పెట్టాక 24 గంటల లోపు ఏదైనా రాయొచ్చు. ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన మెసేజ్‌లే పంపాలి, మార్కెటింగ్ మెసేజ్ అయితే ఒక్కోదానికి డబ్బు పడుతుంది. అది కాక వాట్సాప్‌కీ మనకీ మధ్యలో ఉండే కంపెనీకి నెల చందా. మేం తీసుకున్న ప్లాన్‌లో ఏఐ బాట్ కూడా ఉంది. పేరు చెప్పను, ఇలాంటివన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి.

"నా పార్సిల్ ఎక్కడుంది?" లాంటి ప్రశ్నకి బాగానే చెప్పింది. బేరం దగ్గర మాత్రం తేలిపోయింది. "అక్కా, ఇంకో రెండొందలు తగ్గించు" అంటే "మీ అభ్యర్థనను స్వీకరించాము" అని జవాబు. ఆవిడ వెంటనే ఫోన్ చేసి, కొట్టు అమ్మేశారా అని అడిగింది. సీమంతానికి నలుపు కలవని చీర కావాలంటే, నల్ల అంచు ఉన్న చీర కూడా చూపించింది. జీఎస్టీ అడిగినవాళ్ళకి రూ. 2500 దాటితే 18 శాతం అని చెప్పేసింది. 2025 సెప్టెంబర్ మార్పుల తర్వాత ఆ రేటు కుట్టిన దుస్తులకి. చీర బట్ట కిందికి వస్తుంది, ఎంత ఖరీదైనా 5 శాతమే. బాట్ తప్పు చెబితే మాట పడేది మేమే. అందుకే బాట్‌ని ఆపేసి ఆటోమేటిక్ మెసేజ్‌లు మాత్రం ఉంచాం: డబ్బు అందిందని, పార్సిల్ బయల్దేరిందని, రాత్రి తొమ్మిది తర్వాత పొద్దున్నే మాట్లాడతామని.

జీఎస్టీ రిటర్నులు ఏఐతో చేయించే ఆలోచనే పెట్టుకోలేదు. వేరే రాష్ట్రాలకి పంపుతాం కాబట్టి, చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం కట్టేసే కంపోజిషన్ స్కీమ్ మాకు కుదరదు, అసలు లెక్క చూపించాలి. మేం నెలనెలా రిటర్నులు వేస్తాం. షీట్ నుంచి బిల్లుల జాబితా తీసి ఆడిటర్ గారికి పంపుతాం. రిటర్నుల గడువులైన ప్రతి నెలా 11, 20 తేదీల ముందు ఆయన తొందర చేయడం ఇప్పుడు తగ్గింది.

ఫొటోల గురించి గట్టిగానే చెప్పాలి. వెనక గోడ తీసేయడం, వెలుతురు సరిచేయడం వరకు ఏఐ బాగుంటుంది. చీరని ఏఐ మోడల్‌కి కట్టించి చూపించే యాప్‌లు మాత్రం చేనేతవాళ్ళు వాడకూడదని నా అభిప్రాయం. మంగళగిరి చీర అందమంతా ఆ సాదా ఒంట్లో, నిజాం అంచులో ఉంటుంది. యాప్ ఆ సాదా ఒంటి నిండా బుటాలు వేస్తుంది, అంచు జరీని కంచి అంచులా మార్చేస్తుంది. అది చూసి కొన్నావిడకి పార్సిల్ విప్పగానే మోసపోయాననే అనిపిస్తుంది. నెమలికంఠం లాంటి డబుల్ షేడ్ రంగులైతే మామూలు కెమెరాకే సరిగ్గా అందవు. మేం కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో చిన్న వీడియో తీసి పంపుతున్నాం. రంగు తేడా ఉందని వెనక్కి వచ్చేవి బాగా తగ్గాయి.

చీర వివరాలు రాయడానికి ఏఐ పర్వాలేదు. నూలు కౌంటు (నూలు ఎంత సన్నదో చెప్పే అంకె), జరీ, అంచు, బ్లౌజ్ ముక్క ఉందా లేదా అనేవి మనమిచ్చి, వీటికి మించి ఒక్క మాట రాయొద్దని చెప్పాలి. వదిలేస్తే 80 కౌంటు నూలు చీరని కూడా పట్టు అనేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మా కొట్టుకి వచ్చి అడిగితే ముందు షీట్, ఆ తర్వాత పేమెంట్ లింక్, ఆ తర్వాత అడ్రసులు అని చెబుతున్నాను. నెలకి వంద పార్సిళ్ళు కూడా లేనివాళ్ళకి పెయిడ్ ప్లాట్‌ఫామ్ దండగ. బాట్ ఎవరికీ చెప్పడం లేదు.

మగ్గాల ఖాతా ఇంకా పుస్తకంలోనే ఉంది. ఆ పేజీల ఫొటోలిచ్చి ఏఐతో చదివించి చూశాం. కూలి, అడ్వాన్సు, ఇచ్చిన నూలు ఒకే వరసలో రాసిన చోట ఒకదాని అంకె ఇంకోదాంట్లో వేసింది. అక్కడ తేడా వస్తే నష్టపోయేది నేసేవాళ్ళు. అందుకని ఆ లెక్క వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని మా ఆయనే చూస్తారు. ఇప్పట్లో దాన్ని మార్చే ఉద్దేశం లేదు.