థైరాయిడ్ మాత్ర: పరగడుపునా, పడుకునే ముందా?

మా బ్యాంకు బ్రాంచిలో ఆడవాళ్ళం పదకొండు మందిమి. అందులో నలుగురం థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళమే. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో నూటికి దాదాపు 11 మందికి హైపోథైరాయిడ్, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలకపోవడం, ఉన్నట్టు తేలింది. మా బ్రాంచి ఆ లెక్కని ఎప్పుడో దాటేసింది. నేను మాత్రని పొద్దున్నించి రాత్రికి మార్చుకున్నానని తెలిసిన దగ్గర్నుంచీ మిగతా ముగ్గురూ, వాళ్ళ అక్కచెల్లెళ్ళూ, మా వదినా అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏది మంచిది, పొద్దున్నా, రాత్రా?"

నేను రాత్రి పార్టీ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. కానీ మా అమ్మకి రాత్రి వద్దే వద్దన్నది కూడా నేనే. ఎందుకో చెప్పాలంటే నా కాఫీ సంగతితో మొదలుపెట్టాలి.

నాలుగేళ్ళు 50 మైక్రోగ్రాముల మాత్రతో హాయిగా నడిచింది. తర్వాత ఒక రిపోర్టులో టీఎస్‌హెచ్ 7.2 వచ్చింది. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే ఈ అంకె పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. డాక్టరు గారు 75 చేశారు. రెండు నెలలకి 6.4. ఒళ్ళంతా బరువు, మధ్యాహ్నం మూడింటికి కౌంటర్లో కూర్చుని ఆవలింతలు, దువ్వెన నిండా జుట్టు. మళ్ళీ వెళ్తే ఆవిడ డోసు 100 రాసి, చీటీ ఇవ్వబోతూ ఆగి అడిగారు.

"మాత్ర వేసుకున్న ఎంతసేపటికి కాఫీ తాగుతున్నారమ్మా?"

"పరగడుపునే వేసుకుంటానండీ. కాఫీ ఆ తర్వాతే."

"తర్వాత అంటే?"

ఆలోచిస్తే నవ్వొచ్చింది. తర్వాత అంటే పాలు కాగేదాకా. మా ఇంట్లో పొద్దున టైము గడియారంతో నడవదు. పాలు పొంగడం, కుక్కర్ కూతలు, స్కూలు బస్సు హారన్, ఇవే మా గంటలు. మాత్ర మింగి స్టవ్ వెలిగిస్తాను, పాలు పొంగేలోపు డికాక్షన్ దిగుతుంది. మహా అయితే పది నిమిషాలు. దాన్నే నాలుగేళ్ళుగా పరగడుపు అనుకుంటున్నాను.

కాఫీ ఈ మాత్రని పేగుల్లోంచి సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. ఇటలీ వాళ్ళు 2008లో తమ ఎస్ప్రెస్సో మీదే పరీక్షించి ఈ మాట చెప్పారు. మన ఫిల్టర్ కాఫీలో పాలు కూడా కలుస్తాయి. మన దగ్గర చాలామంది డాక్టర్లు అరగంట నుంచి గంట ఆగమంటారు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014 మార్గదర్శకాలు టిఫినుకి గంట ముందు, లేదంటే రాత్రి భోజనమైన మూడు గంటలకి పడుకోబోయే ముందు వేసుకోమంటాయి. అంటే రెండు దారులూ ఒప్పుకున్నవే. రాత్రి వేసుకోవడం ఎవరో కనిపెట్టిన చిట్కా కాదు.

మరి రెంటిలో ఏది ఎక్కువ పనిచేస్తుంది? ఇక్కడే తమాషా. నెదర్లాండ్స్‌లో ఒక్కొక్కరికీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇచ్చి, అందులో ఏది ఉత్తుత్తి మాత్రో ఎవరికీ తెలియకుండా మూడేసి నెలలు నడిపారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 90 మందిలో రాత్రి వేసుకున్నప్పుడే టీఎస్‌హెచ్ సగటున 1.25 తగ్గింది. అంటే రాత్రి మాత్రే బాగా ఒంటపట్టింది. అంతకు ముందు ఏడాది వచ్చిన అమెరికా అధ్యయనం దీనికి అడ్డం తిరిగింది. అందులో పరగడుపున వేసుకున్నవాళ్ళ సగటు టీఎస్‌హెచ్ 1.06, పడుకునే ముందు 2.19, టిఫినుతో కలిపి 2.93. మన దేశంలో రోహ్తక్ డాక్టర్లు 2011లో పొద్దున, సాయంత్రం పోల్చి రెండూ సమానమే అన్నారు. ముగ్గురివీ మూడు మాటలు.

నాకు మాత్రం అమెరికా అంకెలే అసలు సంగతి చెప్పాయి. అక్కడ పరగడుపు అంటే నిజంగా పరగడుపే, మాత్ర తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు. ఆ గంట దొరికితే పొద్దున్నే మేలు, నేనేమీ కాదనను. రాత్రి మాత్రేమో తిన్న రెండు గంటలకే ఇచ్చారు, అయినా టిఫినుతో వేసుకున్న దానికంటే నయంగానే ఉంది. నా పొద్దున మాత్ర పేరుకి మొదటి జాబితాలో ఉంది గానీ నిజానికి మూడో జాబితాలోది. కాబట్టి పొద్దున్నా రాత్రా అని తేల్చుకునే ముందు చూసుకోవాల్సింది ఒకటే: మీ ఇంట్లో ఏ పూట ఖాళీ కడుపు నిజంగా ఖాళీగా ఉంటుంది, అదీ రోజూ?

మా ఇంట్లో ఎనిమిదింటికి భోజనాలు అయిపోతాయి, పిల్లల చదువులు ముగిసి లైట్లు ఆర్పేసరికి పదకొండు. మూడు గంటలు వాటంతట అవే వస్తాయి. పొద్దున గంట కావాలంటే మాత్రం ఐదింటికి లేవాలి, లేదా కాఫీ మానాలి. రెండూ నా వల్ల కావు.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. ఆవిడ 100 రాసిచ్చిన వారంలోనే డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఫోన్లో "మేం రాత్రే వేసుకుంటాం అక్కా, కాఫీ గొడవే ఉండదు" అంది. ఆ రాత్రి నుంచే మార్చేశాను. డాక్టరు గారికి చెప్పలేదు. టైమే కదా, దానికీ చెప్పాలా అనుకున్నాను. ఐదో వారంలో బ్యాంకు మెట్లెక్కితే గుండె దడ. ఒకరోజు క్యాష్ కౌంటర్లో నోట్ల కట్ట చేత్తో లెక్కపెడుతుంటే వేళ్ళు సన్నగా వణికి, ముప్పై రెండు దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదటికొచ్చి పెడితే ఈసారి నలభై దగ్గర తప్పింది. ఎదురుగా ఉన్న పెద్దాయన "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అన్నాడు. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 0.08.

డాక్టరు గారు కోప్పడలేదు. "డోసు పెంచింది నేను, టైమ్ మార్చింది మీరు. ఇప్పుడు ఎవర్ని అనాలి?" అన్నారు. రెండూ ఒకేసారి జరిగాయి గనక దేనివల్ల ఎంత పెరిగిందో ఇద్దరికీ తెలియదు. నిజానికి 75 కూడా నాకు సరిపోయేదేమో, కాఫీ కింద పోయిన భాగాన్ని పూడ్చడానికి 100 దాకా వెళ్ళామేమో. టైమ్ రాత్రికే ఉంచి డోసు 75కి దించారు. ఏడు వారాలకి 2.3.

పొద్దున్నా రాత్రా అని అడిగిన ప్రతివాళ్ళకీ నేను ఎదురు ప్రశ్న వేసేది అందుకే: "ఇప్పుడు నీ డోసు మారుస్తున్నారా?" మారుస్తుంటే టైమ్ జోలికి పోవద్దు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. డోసు మార్చినా, టైమ్ మార్చినా, కంపెనీ మార్చినా దాని అసలు ఫలితం టీఎస్‌హెచ్‌లో తేలడానికి 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఆ మధ్యలో ఇంకోటి మారిస్తే రిపోర్టు దేని గురించి మాట్లాడుతోందో తెలియదు. కంపెనీ అన్నానంటే ఊరికే కాదు. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్ అన్నిట్లో ఉండే మందు ఒకటే అయినా ఒకదానికీ ఇంకోదానికీ ఒంటికి పట్టడంలో కాస్త తేడా ఉండొచ్చు. షాపులో "అది లేదు మేడమ్, ఇదీ అదే" అంటే, డోసు కుదిరేదాకా మాత్రం ఇంకో షాపు చూసుకోండి.

ఆ ఆరేడు వారాలు గడవడమే కష్టం. కొత్త డోసు మొదలుపెట్టాక కూడా మొదటి రెండు వారాలు నాకు అదే నీరసం. ఆత్రం ఆపుకోలేక ఒకసారి మూడో వారంలోనే టెస్టు చేయించుకుని, వచ్చిన అంకె చూసి అనవసరంగా టెన్షన్ పడ్డాను. ఇప్పుడైతే సాయంత్రం ఓ ఇరవై నిమిషాలు నడుస్తాను, తొమ్మిదిన్నరకే మంచమెక్కాలనిపిస్తే పిల్లల హోంవర్క్ మా ఆయనకి అప్పగిస్తాను. ఎనిమిదిన్నరకే పడుకునే ఇల్లయితే రాత్రి మాత్ర కుదరదని ఆ రోజుల్లోనే తెలిసొచ్చింది. మాత్ర కోసం పదకొండింటిదాకా మెలకువగా కూర్చోవాల్సి వచ్చేది.

"రాత్రి వేసుకుంటే నిద్ర పడుతుందా?" అని మా వదిన భయం. ఇది వేసుకోగానే ఎక్కే కాఫీ లాంటిది కాదు, మెల్లగా మారి పనిచేసే మందు. డోసు ఎక్కువైతే ఏ పూట వేసుకున్నా నిద్ర చెడుతుంది. 100 వేసుకున్న రోజుల్లో నాకు చెడింది, 75కి దిగాక అదే రాత్రి మాత్రతో బాగానే పట్టింది.

ఇక మా అమ్మ. తెనాలిలో ఉంటుంది, 68 ఏళ్ళు, 50 మాత్ర. నాలుగున్నరకే లేస్తుంది. మంచం పక్క స్టూలు మీద చెంబు, మాత్రల సీసా. మాత్ర మింగి, వాకిలి ఊడ్చి ముగ్గేసి, స్నానం, పూజ అయ్యాకే కాఫీ. అప్పటికి ఆరు దాటుతుంది. ఆవిడకి గంటన్నర ఖాళీ ఏ కష్టమూ లేకుండా వస్తోంది. రాత్రేమో బీపీ బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, మోకాళ్ళ కోసం క్యాల్షియం, పైన ఒక గ్లాసు పాలు. క్యాల్షియంకీ ఈ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రకీ అంతే. రాత్రికి మారిస్తే ఆవిడ మందుల డబ్బా అంతా తిరగరాయాలి. నన్ను చూసి తనూ మారతానంటే కూడదన్నాను.

గర్భం వచ్చినవాళ్ళకీ ఇదే చిక్కు, ఐరన్, క్యాల్షియం రెండూ వచ్చి చేరతాయి. అయితే వాళ్ళు ముందు ఆలోచించాల్సింది టైమ్ గురించి కాదు. మొదటి వారాల్లోనే డోసు పెంచాల్సి వస్తుంది కాబట్టి, టెస్టు పాజిటివ్ అని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

రాత్రి మాత్రతో నాకు దొరికిన ఇంకో సుఖం, రక్తం ఇచ్చే రోజు గందరగోళం లేకపోవడం. పొద్దున వేసుకునేవాళ్ళు ముందు రక్తమిచ్చి తర్వాత మాత్ర వేసుకోవాలి, లేకపోతే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 (రక్తంలో ఉండే థైరాయిడ్ హార్మోన్ లెక్క) ఎక్కువ చూపిస్తుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ విటమిన్ బిళ్ళలు వాడేవాళ్ళు టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అది రిపోర్టుని తప్పుదారి పట్టిస్తుంది, ఆ తప్పు అంకె చూసి డోసు మారిస్తే మళ్ళీ నా కథే.

రాత్రికి ఉన్న లోటు కూడా చెప్పాలి. పెళ్ళి భోజనం పదిన్నరకి పెడతారు. సంక్రాంతికి ఊరెళ్తే పదకొండింటికి కూడా అరిసెలో సకినాలో చేతిలో పెడతారు. అలాంటి రాత్రి సీసా దిండు పక్కన పెట్టుకుని, తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు మింగేస్తాను. నెలకి ఒకటి రెండుసార్లు ఇలా అయితే పర్వాలేదు. వారానికి నాలుగు రోజులు అలాగే అయ్యే ఇల్లయితే రాత్రి మాట మర్చిపోవడమే మంచిది.

మిగతా దారుల గురించి అడుగుతారు గనక రెండు ముక్కలు. టిఫినుతో కలిపి వేసుకోవడం, ఏ పూటా కుదరనివాళ్ళకి ఏమీ వేసుకోకపోవడం కంటే నయం. అయితే రోజూ అలాగే వేసుకుని, డాక్టరుకి ఆ మాటే చెప్పాలి. వారం మాత్రలన్నీ ఒకేరోజు వేసుకునే పద్ధతి ఒకటుంది, అది రోజూ మర్చిపోయేవాళ్ళకి డాక్టరు తన చేత్తో రాస్తేనే, గుండె జబ్బు ఉన్నవాళ్ళకైతే అసలు కాదు. ధనియాల నీళ్ళు మాత్ర చేసే పని చెయ్యవు. తాగాలనుంటే తాగండి, ఆ పరగడుపు గంటలో మాత్రం వద్దు.

మా వదినకి గత నెలే డోసు 25 నుంచి 50కి పెంచారు. రాత్రికి మారదామని సిద్ధంగా ఉంది. రిపోర్టు వచ్చేదాకా పొద్దున్నే కానివ్వమన్నాను, కాఫీ మాత్రం ముగ్గేశాక తాగమన్నాను. టెస్టు తేదీ వాళ్ళింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన నేనే రాసి వచ్చాను.