దృశ్యం, దృశ్యం 2: ఏది గట్టిది?

2014లో శ్రీప్రియ తీసిన 'దృశ్యం' ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లాంటి చోట, నిండు హాల్లో చూడాల్సిన సినిమా. జీతూ జోసెఫ్ తీసిన 'దృశ్యం 2' 2021లో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చింది కాబట్టి హైదరాబాద్‌లోనూ అందరూ ఇంట్లోనే చూశారు.

నా ఓటు మొదటిదానికే. కేబుల్ ఆపరేటర్ రాంబాబుగా వెంకటేష్‌కి చదువు తక్కువ, సినిమాల పిచ్చి ఎక్కువ. ఒక కుర్రాడు కనబడకుండా పోయిన కేసులో పోలీసులు రాకముందే భార్యాపిల్లల్ని కూర్చోబెట్టి, ఏం అడిగితే ఏం చెప్పాలో నేర్పిస్తాడు. బస్ టికెట్లు, హోటల్ బిల్లు కూడా సాక్ష్యాలైపోతాయి. చిన్న కూతురిని నిలదీసే సీన్‌లో టెన్షన్ మామూలుగా ఉండదు. మరి ఎదురుగా ఉన్న నదియా? ఆమె పోలీసు ఐజీ మాత్రమే కాదు, ఆ కొడుకు కనబడక అల్లాడుతున్న తల్లి. ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోలేం. ఈ సినిమా బలమంతా అక్కడే ఉంది.

రెండోదాంట్లో మొదటి సగం నెమ్మది. అయితే ఏళ్లు గడిచినా పోలీసుల భయం ఆ ఇంటిని వదలలేదని బాగా చూపించారు. జ్యోతిగా మీనాకి ఇందులో నటించే అవకాశం ఎక్కువ దొరికింది. చివర్లో వచ్చే కోర్టు మలుపు గట్టిదే కానీ, నమ్మడానికి కొంచెం కష్టం. మొదటిది చూడకుండా మాత్రం దీని జోలికి వెళ్లొద్దు.