పొలాల మీద లేచిన శివారుని చూపించే పాత మ్యాపులు: నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ మ్యాపు సైట్ రివ్యూ

లండన్‌కి వాయవ్యాన పిన్నర్, హారో వీల్డ్, గ్రేట్ స్టాన్‌మోర్, లిటిల్ స్టాన్‌మోర్, ఎడ్జ్‌వేర్ అనే ఐదు పారిష్‌లు (మన గ్రామ పంచాయతీల్లాంటి స్థానిక విభాగాలు) ఉండేవి. ఎక్కువ భాగం గడ్డి పొలాలే. లండన్ గుర్రాలకి మేత ఇక్కడినుంచే బండ్ల మీద వెళ్లేది. 1894 నాటి స్థానిక పాలన చట్టం వీటిని కలిపి హెండన్ రూరల్ డిస్ట్రిక్ట్ (పల్లె ప్రాంతపు పాలన విభాగం) చేసింది. 1934 వచ్చేసరికి అందులో రూరల్ అనదగ్గది పెద్దగా మిగల్లేదు, డిస్ట్రిక్ట్ రద్దయింది. ఈ మార్పుని పొలం పొలంగా చూడాలంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ మ్యాపు సైట్‌ని మించింది లేదు. స్కాట్లాండ్ లైబ్రరీయే అయినా ఇంగ్లండ్ మ్యాపులూ పెట్టింది. చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. అయితే తేదీల సంగతి తెలియకుండా చూస్తే తప్పుడు చరిత్ర రాసుకునే ప్రమాదం ఉంది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు సైడ్ బై సైడ్ అనే వ్యూయర్ తెరవండి. ఎడమ పక్కన 1892–1914 నాటి 25 అంగుళాల ఓఎస్ మ్యాపు, కుడి పక్కన ఇప్పటి శాటిలైట్ చిత్రం పెట్టుకోండి. ఓఎస్ అంటే ఆర్డ్‌నెన్స్ సర్వే, బ్రిటన్ ప్రభుత్వ సర్వే సంస్థ. వెతికే పెట్టెలో రేనర్స్ లేన్ అని కొట్టండి. ఒక పక్క కర్సర్ కదిలిస్తే రెండో పక్క అదే చోట గుర్తు కదులుతుంది. ఎడమ పక్క పొలం గట్టు మీద కర్సర్ పెట్టి కుడి పక్క చూడండి, చాలాచోట్ల అది ఇప్పుడు రెండు వీధుల పెరళ్ల మధ్య కంచె అయి ఉంటుంది. బిల్డర్లు పొలం వెంబడి పొలం కొని వీధులు వేశారు కాబట్టి పాత గట్లే కొత్త హద్దులయ్యాయి. పిన్నర్ పారిష్ దక్షిణపు అంచున ఇది బాగా కనిపిస్తుంది. మెట్రోపాలిటన్ రైల్వే వాళ్ల ఎస్టేట్ కంపెనీ హారో గార్డెన్ విలేజ్ కట్టింది ఆ పక్కనే.

25 అంగుళాల మ్యాపంటే మైలుకి సుమారు 25 అంగుళాలు, అంటే 1:2500 స్కేలు. 6 అంగుళాలది 1:10,560. ఊళ్లు ఎలా పాకాయో చూడ్డానికి 6 అంగుళాలది చాలు, ఇల్లు ఇల్లుగా చూడాలంటే 25 అంగుళాలదే కావాలి. దీంట్లో ప్రతి పొలానికీ ఒక నంబరు, దాని కింద విస్తీర్ణం ఎకరాల్లో మూడు దశాంశ స్థానాల వరకు ఉంటాయి. తెలుగువాళ్లకి ఇదొక సౌకర్యం. మన ఎకరమూ వాళ్ల ఎకరమూ ఒకటే కాబట్టి చుక్క తర్వాతి మొదటి రెండు అంకెలూ నేరుగా సెంట్లు. 7.250 అని ఉంటే 7 ఎకరాల 25 సెంట్లు, తెలంగాణ లెక్కలో 7 ఎకరాల 10 గుంటలు. రెండు ముక్కల్ని కలుపుతూ చిన్న ఎస్ ఆకారపు గుర్తు కనిపిస్తే ఆ రెండింటికీ ఒకే నంబరు, ఒకే విస్తీర్ణం అని అర్థం. అది చూసుకోకపోతే చిన్న ముక్కకి పెద్ద పొలం లెక్క అంటగడతారు. ఎకరానికి ఎన్ని ఇళ్లు పడ్డాయో మీరే లెక్కేసుకోవచ్చు. ఇళ్ల నిర్మాణం మీద బ్రిటన్‌లో వచ్చిన 1918 నాటి ట్యూడర్ వాల్టర్స్ నివేదిక పట్టణాల్లో ఎకరానికి 12, పల్లెల్లో 8 అని సూచించింది. మీరు చూస్తున్న వీధి ఆ రెండిట్లో దేనికి దగ్గరగా ఉందో చూడండి.

ఇక తేదీల సంగతి. వ్యూయర్‌లో కనిపించేది విడివిడిగా అచ్చేసిన షీట్లని అతుకు తెలియకుండా కలిపిన మ్యాపు, అందులో షీట్ల అంచులు కత్తిరించేస్తారు. ఎప్పుడు కొలిచారు, ఎప్పుడు దిద్దారు, ఎప్పుడు అచ్చేశారు అన్నది రాసి ఉండేది ఆ అంచుల్లోనే. పైన ‘1892–1914’ అని ఉంటుంది గానీ ఒక షీటు 1890ల నాటిది, దాని పక్కది 1910ల నాటిది కావచ్చు. వీధి ఉన్నట్టుండి షీటు అంచున ఆగిపోతే అక్కడ ఇళ్లు కట్టలేదని అనుకోకండి, షీటు మారిందేమో చూడండి. విడి షీటు తెరిచి అంచు చదవడమే దీనికి మందు. అందులోనూ దిద్దిన సంవత్సరమే లెక్క, అచ్చేసిన సంవత్సరం కాదు.

విడి షీటు తెరిచే ఓపిక లేకపోతే ఈ ప్రాంతంలో రైలు పట్టాలే తేదీ చెబుతాయి. మెట్రోపాలిటన్ రైల్వే పిన్నర్ చేరింది 1885లో. హారో అండ్ వీల్డ్‌స్టోన్ నుంచి స్టాన్‌మోర్ గ్రామానికి కొమ్మ లైను పడింది 1890లో. హారో నుంచి అక్స్‌బ్రిడ్జ్‌కి 1904లో, రేనర్స్ లేన్ హాల్ట్ (చిన్న స్టేషన్) 1906లో. ఎడ్జ్‌వేర్‌కి ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) 1924లో, వెంబ్లీ పార్క్ నుంచి స్టాన్‌మోర్‌కి మెట్రోపాలిటన్ కొమ్మ 1932లో. రేనర్స్ లేన్ దగ్గర పొలాల మధ్య పట్టాలే లేకపోతే ఆ షీటు 1904కి ముందుది. పట్టాలుండి చుట్టూ ఇంకా పొలాలే ఉంటే ఆ తర్వాతిది. రైలు ముందొచ్చి ఇళ్లు రావడానికి పాతికేళ్లు పట్టిందన్న విషయం ఈ రెండు షీట్లు పక్కపక్కన పెడితే తేలిగ్గా తెలుస్తుంది. స్టేషన్ పేర్ల విషయంలో ఒక జాగ్రత్త: ఇప్పటి హాచ్ ఎండ్ స్టేషన్‌కి మొదట ఉన్న పేరు పిన్నర్. పాత షీట్లలో దాన్ని చూసి మెట్రోపాలిటన్ వాళ్ల పిన్నర్ స్టేషన్ అనుకుంటే ఊరంతా ఒక మైలు జరిగిపోతుంది.

హద్దుల కోసం వచ్చేవాళ్లు చుక్కల గీతల పక్కన ఉండే పొడి అక్షరాలు నేర్చుకోవాలి. సి.ఆర్. అంటే హద్దు రోడ్డు నడిమధ్యన పోతుంది. సి.ఎస్. అంటే వాగు నడిమధ్యన. 4 ఫీట్ ఆర్.హెచ్. అంటే కంచె మొదలుకి నాలుగడుగుల దూరాన. ఆర్.డి. బై. అని ఉంటే అది రూరల్ డిస్ట్రిక్ట్ హద్దు, యు.డి. బై. అయితే అర్బన్ డిస్ట్రిక్ట్ (పట్టణ ప్రాంతపు పాలన విభాగం) హద్దు. వీటిని పట్టుకుని వెళ్తే ఒక వింత కనిపిస్తుంది. హెండన్ ఊరు హెండన్ రూరల్ డిస్ట్రిక్ట్‌లో లేదు! అప్పటికే అది విడిగా అర్బన్ డిస్ట్రిక్ట్ అయిపోయింది. పేరు వచ్చింది ఊరినుంచి నేరుగా కాదు, 1835 నాటి హెండన్ పూర్ లా యూనియన్ (పేదల సహాయం చూసే పారిష్‌ల కూటమి) నుంచి. ఆ యూనియన్ వర్క్‌హౌస్ (పేదల్ని ఉంచి పని చేయించే ఇల్లు) కూడా మ్యాపులో ఉంది, ఎడ్జ్‌వేర్‌కి దిగువన రెడ్‌హిల్ దగ్గర. ఇప్పుడు అదే చోట ఎడ్జ్‌వేర్ కమ్యూనిటీ హాస్పిటల్ ఉంది.

డిస్ట్రిక్ట్ చీలిన గీత కూడా ఇంకా చెరగలేదు. ఎడ్జ్‌వేర్ పారిష్ 1931లో హెండన్ అర్బన్ డిస్ట్రిక్ట్‌లో కలిసింది. మిగతా నాలుగూ 1934లో హారో అర్బన్ డిస్ట్రిక్ట్‌లోకి వెళ్లాయి. ఎడ్జ్‌వేర్‌కీ లిటిల్ స్టాన్‌మోర్‌కీ మధ్య హద్దు పాత రోమన్ రోడ్డు వాట్లింగ్ స్ట్రీట్. ఇవాళ లండన్‌లోని స్థానిక పాలన విభాగాలైన బార్నెట్, హారో బరోలని విడదీసేది ఆ రోడ్డే. 1965లో గ్రేటర్ లండన్ ఏర్పడినప్పుడు హారో ఒక్కటే పాత హద్దులతోనే లండన్ బరో అయింది కాబట్టి 1934 నాటి గీతలు వెతకడం మిగతా చోట్ల కంటే ఇక్కడ తేలిక.

1930ల ఇళ్ల కోసం 6 అంగుళాల షీట్లు చూసేటప్పుడు ఇంకో చిక్కుంది. యుద్ధ భయంతో 1938 ప్రాంతంలో హడావిడిగా తెచ్చిన షీట్లు కొన్ని ఉన్నాయి. అంచున ‘1938లో చేర్పులతో’ అన్న అర్థంలో రాసి ఉంటుంది. వాటిలో కొత్త వీధులు, ఇళ్లు చేర్చారు గానీ మిగతా వివరమంతా పాత సర్వేదే. కొత్త ఇళ్ల పక్కనే కనబడే పొలం గట్టు, చెరువు 1938లో నిజంగా ఉన్నాయని దాన్నిబట్టి చెప్పకూడదు. యుద్ధం తర్వాతి 1:1250 షీట్లు మాత్రం నమ్మదగ్గవి, ఇంటి నంబర్లు కూడా ఉంటాయి.

బాగా నచ్చినవి ఇంకో రెండు. 6 అంగుళాల మ్యాపులోని పేర్లన్నీ వాలంటీర్లు ఎక్కించిన జీబీ1900 సూచిక వెతుకులాటలో కలిసి ఉంది. ఇరవై అయిదు లక్షల పైచిలుకు పేర్లు. ఇప్పుడు లేని ఫారం పేరు కొట్టినా చోటు దొరుకుతుంది. రెండోది లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేలని కొలిచే పద్ధతి) పొర. చెట్లూ ఇళ్లూ తీసేసి నేల ఎత్తుపల్లాలు మాత్రమే చూపిస్తుంది. హారో వీల్డ్ పైన గ్రిమ్స్ డైక్ అనే పాత మట్టి గట్టు ఏ చోట మిగిలిందో, ఏ చోట పెరళ్లలో కలిసిపోయిందో ఇందులో వెతకండి.

లోటుపాట్లు: జనాభా అంకెలు ఇక్కడ దొరకవు, దానికి పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ వాళ్ల విజన్ ఆఫ్ బ్రిటన్ సైట్‌కి వెళ్లాలి. ఇళ్లు కడుతుండగా ఎలా ఉండేదో చూడాలంటే 1919–1953 నాటి ఏరోఫిల్మ్స్ విమాన ఫొటోలున్న బ్రిటన్ ఫ్రమ్ అబవ్ ఉంది. టైథ్ మ్యాపులు (చర్చి పన్ను కోసం పొలాల వివరాలతో గీసినవి) ఇందులో లేవు కాబట్టి 1840ల రైతుల పేర్లు కావాలంటే వేరే చోట చూడాలి. యాభై ఏళ్లు నిండని ఓఎస్ మ్యాపులు కాపీరైట్ వల్ల ఉండవు. ఫోన్‌లో మెనూలే సగం తెర ఆక్రమిస్తాయి, కంప్యూటర్ మీదే వాడండి. చోటు, జూమ్, పొర మూడూ లింకులోనే నమోదవుతాయి. ఒక పొలం దొరగ్గానే లింకుని కాపీ చేసి, పక్కన విడి షీటు అంచులో చూసిన దిద్దిన సంవత్సరం కూడా రాసిపెట్టుకోండి.

రేటింగ్: 5కి 4.5. ఆ అర తగ్గించింది కలిపిన మ్యాపు మీద తేదీ చూపించనందుకే.