ముక్కు పురుగుల గుర్తింపుకు కియాజెన్ డీఎన్‌ఈజీ బ్లడ్ అండ్ టిష్యూ కిట్

బియ్యంలో దొరికిన ముక్కు పురుగు సైటోఫిలస్ ఒరైజేనా, మొక్కజొన్నను ఎక్కువగా పట్టే సైటోఫిలస్ జీమేయిసా అన్నది పైచూపుకు తేలదు. రెండింటి రెక్కల మీదా నాలుగు మచ్చలే. మగ పురుగు జననాంగం కోసి చూస్తే జీమేయిస్‌కు పైభాగాన రెండు గాడులు ఉంటాయి, ఒరైజేకు నున్నగా ఉంటుంది. గింజ లోపలి లార్వాకు ఆ ఆధారమూ లేదు. అక్కడ డీఎన్‌ఏ తప్పదు, దాన్ని తీయడానికి ఈ కిట్ చాలా బాగుంది.

కణజాలాన్ని చిన్న ముక్కలు చేయమన్న కిట్ సూచన మాత్రం ఇక్కడ పాటించకండి. నూరేస్తే, ఫలితం మీద అనుమానం వచ్చినప్పుడు తిరిగి చూసుకోవడానికి పురుగే మిగలదు. ఆల్కహాల్‌లోంచి తీసి ఆరబెట్టండి (తడి మిగిలితే ఎంజైమ్ మందగిస్తుంది). రొమ్ము, పొట్ట కలిసే చోట సూదితో విడదీసి, కిట్‌లోని 180 మైక్రోలీటర్ల ఏటీఎల్ (కణజాలం కరిగించే ద్రావణం), 20 మైక్రోలీటర్ల ప్రొటీనేజ్ కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్) కలిపి, 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. కండ కరుగుతుంది, పెంకు నిలుస్తుంది. పెంకును అదే నంబరుతో మళ్లీ ఆల్కహాల్‌లో దాచాలి. ద్రవానికి ఏఎల్ (డీఎన్‌ఏను కాలమ్‌కు అంటుకునేలా చేసే ద్రావణం), ఇథనాల్ చెరో 200 మైక్రోలీటర్లు కలిపి కాలమ్‌లో (డీఎన్‌ఏను పట్టి ఉంచే పొర ఉన్న చిన్న గొట్టం) పోయాలి.

ఇథనాల్ కిట్‌లో రాదు. కాలమ్‌ను కడిగే ద్రావణాలైన ఏడబ్ల్యూ1, ఏడబ్ల్యూ2 సీసాల్లో మొదటిసారే కలపాలి. ఏడబ్ల్యూ2 తర్వాత 3 నిమిషాల స్పిన్ తగ్గిస్తే ఇథనాల్ మిగిలి పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు పెంచే ప్రక్రియ) చెడుతుంది. చివర డీఎన్‌ఏను కాలమ్ నుంచి దించే ఏఈ ద్రావణం, కిట్ చెప్పే 200 బదులు 50 మైక్రోలీటర్లు చాలు, ఇంత చిన్న పురుగు డీఎన్‌ఏ పలచబడదు. ఏఎల్, ఏడబ్ల్యూ1 వ్యర్థాల్లో బ్లీచ్ పోయొద్దు, విషవాయువు వస్తుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది కిట్ దాటాకే. ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లతో (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు) జాతిని గుర్తించడానికి వాడే మైటోకాండ్రియా జన్యువు సీఓఐలో 658 అక్షరాలు చదువుతాం. ఒక్కోసారి ఇవి పురుగులో కాపురముండే వోల్‌బాకియా బ్యాక్టీరియా జన్యువునూ పట్టుకుంటాయి. రెండు వైపులా చదివించి, అకశేరుక మైటోకాండ్రియా కోడ్‌తో ప్రొటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ అక్కడితో ఆపమనే సంకేతం) వస్తే అది కణ కేంద్రకంలోకి చేరిన ఆ జన్యువు పాత నకలు కావచ్చు. డేటాబేస్ చూపిన మొదటి పేరునూ వెంటనే నమ్మొద్దు, తప్పు పేరుతో చేరిన నమూనాలు ఉంటాయి. దాచిన పెంకు పనికొచ్చేది అప్పుడే.

సెంట్రిఫ్యూజ్, పీసీఆర్ యంత్రం ఉన్న ప్రయోగశాలకే ఇది. గోదాములో అప్పటికప్పుడు తేల్చాలనుకునేవారికి పనికిరాదు.