గుంటూరులో అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీంకి జెర్సీలు కుట్టించాలంటే ఈ షాపుకి వెళ్ళండి

బ్రాడీపేటలో ఉన్న ఈ జెర్సీల షాపు గురించి లీగు అయిపోయినప్పటి నుంచి రాయాలనుకుంటున్నా, పరీక్షల హడావిడి తగ్గాక ఇప్పటికి కుదిరింది. నేను ఇక్కడే ఒక స్కూల్లో పీఈటీని. మా అండర్ 17 అమ్మాయిలు ఈసారి ఇంటర్ స్కూల్ లీగులో కప్పు కొట్టారు. ఆడింది పిల్లలే, చెమటోడ్చింది వాళ్ళే, కానీ 12 మందిలో ఒక్కళ్ళు కూడా మధ్యలో మానెయ్యకుండా చివరిదాకా ఉన్నారంటే అందులో ఈ షాపు మాస్టర్ గారి చెయ్యి చాలా ఉంది, ఆ మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు.

మామూలుగా బాస్కెట్‌బాల్ డ్రెస్సంటే చేతుల్లేని జెర్సీ, మోకాళ్ళ పైకి షార్ట్స్. మా టీంలో ఇద్దరు ముస్లిం పిల్లలున్నారు, తల కప్పుకోకుండా బయటికి రారు, ఇంకో నలుగురి ఇళ్ళల్లో పెద్దపిల్లయింది ఇంక ఈ నిక్కర్లేంటి మేడమ్ అంటారు. మన ఊళ్ళో బాగా ఆడే ఆడపిల్లలు తొమ్మిదో క్లాసుకొచ్చేసరికి ఆట మానేస్తున్నారంటే చాలాసార్లు కారణం ఇదే. అంతకుముందు వేరే చోట కుట్టించిన సెట్టు మగపిల్లల కొలతలకే కుట్టిచ్చారు, చంకల దగ్గర ఇంతింత లూజు, దాంతో పిల్లలు లోపల తలో రంగు టీషర్టు వేసుకొస్తే రిఫరీ కుదరదన్నాడు, నంబర్లు స్టిక్కర్లవి కాబట్టి నాలుగు ఉతుకులకే పగుళ్ళిచ్చి ఊడొచ్చాయి. రీబౌండ్‌కి, అంటే బాస్కెట్‌లో పడకుండా వెనక్కొచ్చే బంతికి, రెండు చేతులూ పైకెత్తాల్సిన పిల్ల ఒక చేత్తో జెర్సీ కిందకి లాక్కుంటుంటే ఇంక బంతి ఎవరు పడతారు చెప్పండి.

ఇక్కడ మాస్టర్ గారు ముందు రేటు మాట్లాడలేదు, "ఆట ఎట్టా ఆడతారో ఒకసారి చూపించండమ్మా" అన్నారు. కొలతలు వాళ్ళావిడే తీసుకుంటారు, లోపల కర్టెన్ కట్టిన గది ఉంది, పిల్లలకి ఇబ్బంది లేదు. ఆవిడ టేపు పట్టుకుని ఒక్కో పిల్లని షాట్ కొట్టేటప్పుడు ఎలా నిలబడతావో అలా చేతులెత్తి నిలబడమని, భుజం నుంచి నడుం కిందకి ఒకసారి చేతులు దించి, ఒకసారి ఎత్తి కొలిచి, ఆ తేడా ఎంతుందో అంత పొడుగు కలిపి రాసుకున్నారు. ఇన్నేళ్ళల్లో ఇంకే టైలరూ ఈ పని చెయ్యడం నేను చూళ్ళేదు.

రూల్స్ సంగతి కూడా నేను చెప్పింది చెప్పినట్టు పట్టుకున్నారు. ఫీబా, అంటే అంతర్జాతీయ సంఘం, 2017లో తలకి కట్టుకునేవాటిని ఒప్పుకుంది గానీ షరతులున్నాయి, మొహం కప్పకూడదు, మెడ దగ్గరా మొహం దగ్గరా పిన్నులూ బటన్లూ లాంటివి ఉండకూడదు, వేలాడేవి ఉండకూడదు. జెర్సీకి చేతులు పెట్టుకుంటే మోచేతి పైనే ఆగాలి. కింద వేసుకునే లెగ్గింగ్స్, చేతి స్లీవ్స్ టీం మొత్తానికి ఒకే రంగులో ఉండాలి. అందుకని మోచేతి పైకి ఉండే జెర్సీ, కావాల్సినవాళ్ళకి విడిగా నల్ల ఆర్మ్ స్లీవ్స్, నల్ల లెగ్గింగ్స్, తలకి పిన్ను లేకుండా తొడుక్కునే సాగే టోపీ లాంటిది కుట్టారు. నంబర్లు సబ్లిమేషన్ ప్రింటింగ్, పాలిస్టర్ గుడ్డ మీద వేడితో రంగు దారంలోకే దిగిపోతుంది కాబట్టి ఊడటానికి పైన స్టిక్కరంటూ ఏమీ ఉండదు. సీజనంతా ఉతికాం, ఒక్క అంకె చెదరలేదు.

ఈ డిజైన్ ఆలోచన నాకు అమెరికాలో యూదుల హైస్కూల్ అమ్మాయిల టీంల ఫొటోలు చూసి వచ్చింది. ఆర్థడాక్స్, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదుల స్కూళ్ళల్లో చాలామంది మోకాళ్ళు కప్పే స్కర్టు, దాని కింద లెగ్గింగ్స్, జెర్సీ లోపల చేతులు కప్పే టీషర్టు వేసుకునే లీగులాడతారు, కప్పులు గెలుస్తారు. ఆ ఫొటోలు షాపులో మాస్టర్ గారికి చూపించా, పేరెంట్స్ మీటింగులోనూ చూపించా. అసలు కాలేజీ అమ్మాయిలకి ఈ ఆట నేర్పడం మొదలెట్టింది సెండా బెరెన్సన్ అనే యూదు టీచరమ్మే. లిథువేనియాలో పుట్టి అమెరికా వెళ్ళింది, నైస్మిత్ 1891లో ఆట కనిపెడితే 1892కల్లా స్మిత్ కాలేజీలో అమ్మాయిలకి నేర్పించింది, 1893లో అక్కడ జరిగిన మొదటి మ్యాచ్‌కి మగవాళ్ళని లోపలికే రానివ్వలేదు. ఇదంతా చెప్తుంటే ఒక తండ్రి యూదులంటే ఎవరు టీచరమ్మా అన్నారు, మన పొన్నూరు రోడ్డులో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి, ప్రార్థనా మందిరం కూడా ఉంది అంటే మీటింగులో సగం మందికి ఆ సంగతే తెలీదు. స్కర్టు శాంపిల్ కూడా ఒకటి కుట్టి చూశారు మాస్టర్ గారు, మన ఎండకి బరువైపోయింది, వద్దనుకున్నాం.

ఇంకోటి కూడా అక్కడి నుంచే పట్టుకున్నా. యూదులకి శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, ఆచారం పాటించేవాళ్ళకి ఆటలుండవు. 2012లో హ్యూస్టన్‌లో బెరెన్ అకాడమీ అని యూదుల స్కూలు, అబ్బాయిల టీం, స్టేట్ సెమీఫైనల్ శుక్రవారం రాత్రి పెట్టారు, ముందు నిర్వాహకులు మార్చం అన్నారు, తల్లిదండ్రులు కోర్టుకెక్కాక మధ్యాహ్నానికి మార్చారు, ఆడి గెలిచారు, ఫైనల్ శనివారం రాత్రి ఆడి ఓడిపోయారు. మా లీగులో ఒక మ్యాచ్ సరిగ్గా శుక్రవారం నమాజు టైముకి పడితే ఈ సంగతే చెప్పి అడిగా, లీగు వాళ్ళు పెద్దమనసుతో సాయంత్రానికి మార్చారు.

కొత్త డ్రెస్సులు వేసుకుని మొదటి ప్రాక్టీసుకొచ్చిన రోజు చూడాలి, ఒక్క చెయ్యి కూడా జెర్సీ అంచు మీదకి పోలేదు. ఎప్పుడూ లైను దగ్గరే నిలబడే మా పొడుగు పిల్ల బాస్కెట్ కిందకి దూసుకెళ్ళి, "మేడమ్, ఎగిరినా పైకి రావట్లేదు" అని అరిచింది. ఫైనల్ ఆఖరి క్వార్టర్లో రెండు పాయింట్ల వెనకున్నాం, తలకి కట్టుకునే పిల్ల వరసగా రెండు రీబౌండ్లు లాగింది, రెండోసారి అవతలమ్మాయి భుజం బలంగా తగిలి కింద పడింది, టోపీ అంగుళం కూడా కదల్లేదు, లేచి ఆ ఫౌల్‌కిచ్చిన రెండు ఫ్రీ త్రోలూ వేసేసింది. ఆ తర్వాత మళ్ళీ వెనకబడలేదు. వాళ్ళ అమ్మ మొదటిసారి మ్యాచ్ చూడ్డానికి వచ్చింది ఆ రోజే. కప్పు ఇచ్చేటప్పుడు ఫొటోలో 12 మందీ ఉన్నారు, నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం అదే.

లోపాలు కూడా చెప్పాలి. చెప్పిన రోజుకి వారం ఆలస్యంగా ఇచ్చారు, మొదటి లీగ్ మ్యాచ్ పాత డ్రెస్సుల్లోనే ఆడాల్సొచ్చింది, అది ఓడిపోయాం. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు. స్కూల్ పేరు అక్షరాలు ఇంకొంచెం పెద్దవి పెట్టాల్సింది. షాపు ముందు బండి పెట్టుకోవడం కష్టం, పక్క లైనులో పెట్టి నడిచి రావాలి. జెర్సీ, షార్ట్స్, లెగ్గింగ్స్ కలిపి ఒక్కొక్కరికి 900 అయ్యింది, స్లీవ్స్, టోపీ వేరే. రెడీమేడ్ కంటే ఎక్కువే గానీ ఈ కుట్టుకి ఆ డబ్బులు ఇవ్వొచ్చు.

స్కూల్ గేమ్స్ సెలక్షన్లు దగ్గర పడితే వీళ్ళకి ఊపిరాడదు, కాబట్టి కనీసం నెల ముందు ఆర్డర్ ఇవ్వండి. కొలతలు కాగితం మీద రాసి పంపొద్దు, పిల్లలందర్నీ తీసుకెళ్ళండి, సాయంత్రం ఐదు దాటాక వెళ్తే ఆవిడ ఉంటారు.